సీలు తెరవని డబ్బా

అక్టోబర్ 7, మంగళవారం

ఈ డైరీ 2019ది. ఇన్సూరెన్సు ఏజెంటు ఊరికే ఇచ్చాడు. ఇన్నేళ్లూ బల్ల కాలు కింద ఎత్తు కోసం పెట్టాను. ఇవాళ బయటికి లాగి, తారీఖులు కొట్టేసి రాస్తున్నాను. బల్ల ఇప్పుడు ఊగుతోంది. ఎనిమిదో తరగతి తప్పినవాడికి డైరీ ఏంటని నీలమ్మ చూస్తే అంటుంది. చూడదు. దుకాణంలోనే ఉంచుతాను, చెడిపోయిన రిమోట్ల గంప అడుగున. ఆ గంప వంక పెళ్లయినప్పటి నుంచీ ఆమె చూడలేదు.

రాయడానికి ప్రత్యేకంగా కారణమేమీ లేదు. కమాల్ భాయ్ వచ్చి వెళ్లాడు, అంతే.

ఆయన వచ్చేసరికి నేను రోజూ చేసే పనే చేస్తున్నాను. ఎదురుగా ఉన్న చాయ్ హోటల్ టీవీకి గురిపెట్టి, నా రిమోట్‌తో ఛానల్ మారుస్తున్నాను. క్రికెట్ చూస్తున్న పదిమంది హోటల్ సేఠ్‌ను తిడుతున్నారు. సేఠ్ టీవీ నెత్తిన కొడుతున్నాడు. రెండు రోజుల్లో ఆ టీవీ బాగుచేయమని నా దగ్గరికే తెస్తాడు.

“ఛోడ్ రే వాళ్లను,” అని స్టూలు లాక్కున్నాడు కమాల్ భాయ్. లాడ్ బజార్‌లో గాజుల దుకాణం వదిలేసి, ఎండలో అఫ్జల్‌గంజ్ దాకా నడిచొచ్చాడు. మొహం మాత్రం పెళ్లికొడుకులా ఉంది. “మా అటక మీది డబ్బా యాదికుందా? ధప్‌ధప్ డబ్బా.”

యాదికుంది అన్నాను.

“మా బిడ్డ మరియం అటక దులిపింది. ఫోటో తీసి ఫోన్ల పెట్టింది. పాత గేములు జమచేసేటోళ్లు ఉంటరంట, గా గ్రూపుల. మాదాపూర్ పోరడు అనురాగ్ అంట, వెంటనే ఫోన్ చేసిండు. ఎంతకు అడుగుతుండో తెల్సా? తొంభై ఐదు వేలు.”

“పార్లరంతా ఇంటికి ఎత్తుకపోతడా ఏంది?”

“ఒక్క డబ్బ. సీలు తియ్యలే కదా, గందుకు. ఆడెతందుకు గాదంట. అద్దాల బీరువల పెట్టి సూస్కుంటడంట. సీలు తీస్తే దానికి ఇజ్జతే లేదంట.”

“తెరవకుండ సూస్కుంట కూసుంటడా? అది డబ్బనా, ముసుగేసిన పెండ్లిపిల్లనా?”

నవ్వాడు. నవ్వీ నవ్వీ, కళ్లు తుడుచుకుని అసలు సంగతి చెప్పాడు. ఖైసర్ భాభీ ఇరవై ఏళ్లుగా మక్కాకు, ఉమ్రా యాత్రకు పోదామంటోంది. ఒక మనిషి ఖర్చు ఎలాగో కూడబెట్టాడు. రెండో మనిషి ఖర్చు ఈ డబ్బాలో ఉంది. గుంపు నవంబర్ పన్నెండున బయల్దేరుతుంది. ఈ నెల ఇరవయ్యారు లోపల పైసలన్నీ కట్టాలి.

“అల్లా ఆ డబ్బను గిన్నేండ్లు గందుకే తెరవనియ్యలే,” అన్నాడు.

చాయ్ చెప్పాను. రెండు తాగాడు. నేను ఒక్కటి కూడా తాగలేదన్నది ఆయన వెళ్లాక చూసుకున్నాను.

అక్టోబర్ 8

ఆ డబ్బా సంగతి. ఒకసారి రాసి పడేస్తే మనసు తేలికవుతుంది. పెద్ద విషయం కాదు, పాత తమాషా.

మొఘల్‌పురాలో మా ఇద్దరి వీడియో గేమ్ పార్లర్ మూడేళ్లు నడిచింది. అరగంటకు పది రూపాయలు. బొంబాయి నుంచి రెండు జపాను డ్రమ్ము గేములు తెచ్చాం. టీవీలో పాట వస్తుంటే చుక్కలు జారుకుంటూ వస్తాయి. పసుపు చుక్కకు కుడివైపు కొట్టాలి, ఆకుపచ్చకు ఎడమవైపు. జపాను పేరు ఎవరికీ నోరు తిరగలేదు, ధప్‌ధప్ అన్నాం. ఒకటి తెరిచి ఆడించాం. రెండోది అక్కరకు ఉంటుందని దాచాం. ఆడించినదాన్ని మనవాళ్లు బారాత్‌లో మర్ఫా వాయించినట్టు బాదారు. 2006లో పగిలింది. కమాల్ భాయ్ ఎంసీల్ పెట్టి అతికించాడు. మళ్లీ పగిలింది.

2007లో పార్లర్ మూతపడబోతున్న రోజుల్లో, ఆయన నమాజుకు పోయినప్పుడు, నేను కొత్త డబ్బా మూత మీది గుండ్రటి కాగితం సీలును చాయ్ గిన్నె ఆవిరి మీద పెట్టి, చిరగకుండా లేపాను. కొత్త డ్రమ్ము తీశాను. పగిలినదాన్ని లోపల పెట్టాను. సీలు మళ్లీ అతికించాను. ఆయన తెరిచి నోరెళ్లబెట్టాలి, అప్పుడు నేను వెనక నుంచి కొత్తది తీసి చూపించాలి. అదీ తమాషా.

ఆయన తెరవలేదు. డబ్బాను అలాగే ఇంటికి తీసుకెళ్లి అటక మీద పెట్టాడు.

కొత్త డ్రమ్ము మా ఇంట్లో ఎక్కడో ఉంటుంది. వెతికి, గుట్టుగా మార్చేస్తే అయిపోతుంది.

అక్టోబర్ 9

వెతికాను. లేదు.

అక్టోబర్ 11

మంచం కింద వెతికాను, బియ్యం డబ్బాల వెనక వెతికాను. “ఏం దేవులాడుతున్నవ్?” అంది నీలమ్మ. పాత మల్టీమీటర్ అన్నాను. ఇల్లు మారినప్పుడు పోయుంటుంది. ఇల్లు మారినప్పుడు ఏవేవో పోతాయి.

అక్టోబర్ 12, ఆదివారం

అనురాగ్ వచ్చి డబ్బా చూస్తాడు, నువ్వు కూడా ఉండాలని కమాల్ భాయ్ ఫోన్ చేశాడు. కడుపులో నొప్పి అన్నాను. ఖైసర్ భాభీ ఫోన్ లాక్కుని, “నొప్పికి మందు నా తాన ఉంది, రా భాయ్,” అంది. వెళ్లాను.

అనురాగ్‌కు ముప్పై దాటలేదు. మర్యాదస్తుడు, చెప్పులు గడప బయట తిన్నగా విడిచాడు. సంచిలోంచి తెల్ల చేతితొడుగులు, భూతద్దం, చిన్న తూకం మిషను తీశాడు. ఇల్లు దవాఖాన అయింది. పరుపు మీద తెల్ల దుప్పటి పరిచి డబ్బాను పడుకోబెట్టారు. భాభీ తలుపు పక్కన కొంగు సరిచేసుకుని నిలబడింది. 

డబ్బా మూలలు చూశాడు. అచ్చు చూశాడు. భూతద్దం సీలు మీదికి వచ్చింది. అంచు వెంబడి మెల్లగా తిప్పుతూ ఒకచోట ఆగాడు. పద్దెనిమిదేళ్ల కిందట ఆవిరి కాస్త ఎక్కువైంది సరిగ్గా అక్కడే. నా వీపు మీద చెమట ఒక్క గీతగా దిగింది. భూతద్దం ముందుకు జరిగింది.

“పర్ఫెక్ట్,” అన్నాడు. “ఇంత క్లీన్ సీల్ నేనెప్పుడూ చూడలేదంకుల్.”

ఆ క్షణంలో నాకు సిగ్గు వేయలేదు. నా చేతిపని చూసుకుని గర్వమేసింది. ఇది ఇక్కడ రాసుకోవాలి, రేపు అడిగితే నేనే ఒప్పుకోను.

తర్వాత తూకం. ఫోన్‌లో అసలు బరువు చూశాడు, మిషను చూశాడు, మళ్లీ పెట్టాడు. “నలభై గ్రాములు ఎక్కువ చూపిస్తోంది.”

కమాల్ భాయ్ మొహం వాడింది. ఆ నలభై గ్రాములు ఏమిటో నాకు తెలుసు. ఆయన చేత్తో పెట్టిన ఎంసీలే అది.

“గిన్నేండ్ల పాతబస్తీ దుమ్ము, బాబూ,” అన్నాను. “దులిపి తూకమెయ్యి. ఆ దుమ్ముకు వేరే లెక్క కట్టియ్యి.”

అందరూ నవ్వారు. అతనూ నవ్వాడు. నవ్వుతూనే అడిగాడు: “ఒక్క మాట. ఇది ఎప్పుడూ ఓపెన్ చెయ్యలేదు కదా?”

“నన్ను అడుగకు, నేను అమ్మేటోణ్ణి,” అన్నాడు కమాల్ భాయ్. “మొగులయ్యను అడుగు. పార్ట్‌నర్. దునియాల అందరితోటి తమాషాలు ఆడుతడు గని, నా తోటి అబద్ధం ఆడడు.”

అందరూ నా వైపు తిరిగారు.

“తెరవలే,” అన్నాను.

పది వేలు అడ్వాన్సు ఇచ్చి, మిగతాది ఇరవయ్యారున తెచ్చి డబ్బా తీసుకెళ్తానని వెళ్లాడు. భాభీ ఖుబానీ కా మీఠా పెట్టింది. రెండుసార్లు వేయించుకున్నాను. కడుపునొప్పి ఏమైందని ఎవరూ అడగలేదు.

అక్టోబర్ 13

తెరవడు కదా. ఆలోచిస్తే ఎక్కడా నష్టం లేదు. అతను కొనేది తెరవకపోవడాన్నే. లోపల డ్రమ్ము ఉన్నా, ఇటుక ఉన్నా, గాలి ఉన్నా అద్దాల బీరువాలో ఒకేలా కనిపిస్తుంది. అతను చచ్చేదాకా తెరవడు. తెరిస్తే తొంభై ఐదు వేలు తొమ్మిది వేలయిపోతాయి, ఏ తిక్కలోడు తెరుస్తాడు? అతనికి సంతోషం, భాభీకి మక్కా, కమాల్ భాయ్‌కి మాట దక్కడం. ఎవరికి నష్టం? ఎవరికీ లేదు.

ఎవరికీ లేదు.

అక్టోబర్ 15

భాభీ మిక్సీ చెడిపోయిందంటే బాగుచేయడానికి వెళ్లాను. కమాల్ భాయ్ దుకాణంలో ఉన్నాడు. ఆమె గడప దగ్గర కూర్చుని బీన్స్ తుంచుతోంది. మాటల్లో అంది, మొన్న ఆమె తమ్ముడు జుల్ఫికర్ వచ్చి, రెండో మనిషి పైసలు నేనిస్తాను, బ్యాంకులో వడ్డీ ఊరికే పడి ఉంది అన్నాడట. వద్దని పంపేసిందట.

“తమ్ముడు ఇస్తుంటే ఎందుకొద్దన్నవ్ భాభీ?”

“వడ్డీ పైసలతోటి అల్లా ఇంటికి ఎట్ల పోతం భాయ్? బస్ టికెట్ గాదు కదా అది. ఒక్క రూపాయి నాపాక్ ఉన్నా, మైలదున్నా పోయిన పోకడంత బేకార్. గందుకే ఇరవై ఏండ్లు ఆగిన.” బీన్సు ఈనె లాగి పక్కన పడేసింది. “గీ డబ్బ పైసలు పాక్. మీ ఇద్దరి చెమట. దాని మీద ఎవ్వరి ఏడుపు లేదు.”

మిక్సీలో పాడైంది బుష్ ఒక్కటే. ఐదు నిమిషాల పని. గంటన్నర పట్టింది. 

అక్టోబర్ 16

దుకాణం తీయలేదు.

అక్టోబర్ 17, శుక్రవారం

చెప్పేశాను.

జుమ్మా నమాజు అయ్యాక చాయ్ హోటల్లో కూర్చోబెట్టి చెప్పాను. “కమాల్ భాయ్, ఆ డబ్బల కొత్త డ్రమ్ము లేదు. పగిలినదుంది. నేనే మార్చిన. సీలు ఆవిరి మీద లేపి మల్ల అతికిచ్చిన.”

కప్పు కింద పెట్టాడు. నన్ను ఎగాదిగా చూశాడు. ఆ తర్వాత వచ్చిన నవ్వు ఎక్కడ మొదలైందో గాని దగ్గు దాకా పోయింది. సేఠ్‌ను పిలిచి, ఇంకోసారి చెప్పమన్నాడు. చెప్పాను. సేఠ్ కూడా నవ్వాడు.

“ఆవిరి మీదనంట,” అన్నాడు కమాల్ భాయ్ కళ్లు తుడుచుకుంటూ. “పోయినసారి కరెంట్ ఆఫీసోని లెక్క ఫోన్ జేసి మా మీటరు మాయమైందన్నవ్. నేను నిజమని మెట్లెక్కి సూసిన. ఈసారి పడను బిడ్డా. జర మంచిది సోచాయించుకొని రా.”

“నిజంగ చెప్తున్న భాయ్.”

“మొహం గూడ మస్తు పెట్టినవ్.”

చాయ్ పైసలు ఆయనే ఇచ్చాడు.

చెప్పాను. ఆయన నమ్మలేదు. ఇందులో నా తప్పేముంది? చెప్పడం నా వంతు, నమ్మడం ఆయన వంతు. నా వంతు అయిపోయింది. ఇంక ఈ డైరీలో రాయడానికి ఏమీ లేదు.

అక్టోబర్ 19, ఆదివారం

ఉంది.

కమాల్ భాయ్ పొద్దున మా ఇంటికి వచ్చి, నా తమాషాను నీలమ్మకు చెప్పి మళ్లీ ఒకసారి నవ్వాడు. నీలమ్మ కూడా నవ్వింది. ఆయన మెట్లు దిగేదాకా నవ్వింది. దిగాక నా ముందు చీపురు పట్టుకుని నిలబడింది.

“ఏ సంవత్సరం అది?”

“ఏది?”

“పార్లర్ మూసింది.”

“రెండువేల ఏడు.”

“స్కూటర్ కొన్నది?”

నేను చొక్కా గుండీలు పెట్టుకుంటున్నాను. అప్పటికే పెట్టి ఉన్నాయి.

“మొదటి కిస్తీ పైసలు యాడియి అంటే చిట్టీ ఎత్తిన అన్నవ్,” అంది. “మన గల్లీల ఆ ఏడు చిట్టీ నడిపింది నేను. నువ్వు అందుల లేవు. బయట ఎక్కడనో కట్టినవేమో అనుకున్న. పద్దెనిమిదేండ్లు అట్లనే అనుకున్న.”

చీపురుతో బయటికి పోయింది. వాకిలి ఊడ్చింది. స్కూటర్ చుట్టూ ఊడ్చింది, రోజూ జరిపి ఊడ్చేది.

సరే. రాస్తాను.

కొత్త డ్రమ్మును ఆ వారంలోనే అబిడ్స్‌లో ఒకడికి ఆరు వేలకు అమ్మాను. తమాషా కోసం తీశాను, అమ్మాలని తీయలేదు. తీసిన తర్వాతే అమ్మాలనిపించింది.

కాదు. అమ్మడానికే తీశాను. పార్లర్ మునిగాక కమాల్ భాయ్‌కి గాజుల దుకాణం పని దొరికింది. నాకేమీ దొరకలేదు. డబ్బా ఆయన ఇంటికి పోతుందని తెలిసి తీశాను. పట్టుబడితే తమాషా అందామనుకున్నాను. పట్టుబడలేదు. అందుకే పద్దెనిమిదేళ్లు తమాషాగానే ఉండిపోయింది.

అక్టోబర్ 20

దీపావళి. గల్లీ అంతా పొగ. కమాల్ భాయ్ మిఠాయి డబ్బా పంపాడు. తెరవలేదు.

అక్టోబర్ 22

మొఘల్‌పురా మలుపులో భాభీ, మరియం ఎదురయ్యారు. ఉమ్రాకు పోయేవాళ్లు పోయేముందు తెలిసినవాళ్ల ఇళ్లన్నీ తిరిగి, కహా సునా మాఫ్ అని అడుగుతారు. ఎప్పుడైనా ఏమైనా అన్నా, విన్నా క్షమించండి అని. ఎవరి మనసులోనూ ముల్లు ఉంచి పోకూడదు. భాభీ ముందే మొదలుపెట్టేసింది. మోకాళ్ల నొప్పి, ఒక్కరోజులో అన్నీ తిరగలేదు.

“పన్నెండు ఇండ్లయినయి భాయ్. దర్జీ బీబీతోని తొమ్మిదేండ్ల సంది మాటల్లెవ్వు, ఆమె ఇంటికి గూడ పోయిన. ఇద్దరం ఏడ్చినం. మీ ఇల్లు ఆఖర్న. మీరు ఇంటోళ్లు.”

“పైసలు కట్టినంక పోరాదా భాభీ,” అన్నాను. “గంత తొందరేంది.”

“నువ్వే అన్నవ్ గదా తెరవలే అని,” అంది నవ్వుతూ. “ఇంక ఫికర్ ఏంది?”

ఆమె పాత చెప్పులు ఈడ్చుకుంటూ పోతుంటే చాలాసేపు చూశాను. నొప్పి ఉన్న మోకాలితో పన్నెండు ఇళ్లు. నేను అన్న ఒక్క మాట మీద.

అక్టోబర్ 24

అనురాగ్ నంబరు మరియం దగ్గర తీసుకున్నాను. ఫోన్ చేసి, కొనొద్దు అని పెట్టేద్దామనుకున్నాను. అలా చేస్తే అతను తప్పుకుంటాడు, నేనూ తప్పుకుంటాను, డబ్బా మళ్లీ అటకెక్కుతుంది. ఎవరికీ ఏమీ తెలియదు. మంచి ఉపాయం.

రెండుసార్లు రింగయింది. కట్ చేశాను. మంచి ఉపాయాలు నాకు ఎప్పుడూ ఉంటాయి.

అక్టోబర్ 26, ఆదివారం

ఇవాళ్టి సంగతి రాయాలని లేదు. అయినా వరసగా రాస్తాను.

పదకొండింటికి వెళ్లాను. స్కూటర్ కిటికీ కింద పెట్టాను. అనురాగ్ అప్పటికే వచ్చాడు, పరుపు మీద డబ్బా, దాని పక్కన కవరు. భాభీ అతని కోసం ఖిచిడీ, ఖీమా చేసింది. ఇల్లంతా ఆ వాసనే. మరియం ప్లేట్లు తెస్తోంది. కమాల్ భాయ్ తెల్ల కుర్తా వేసుకున్నాడు.

“రా పార్ట్‌నర్,” అన్నాడు. “నీ గవాహీ, తెరవలే అన్న మాట, ఇంకోసారి చెప్పు, పోరడు కవర్ ఇస్తడు.”

నేను పరుపు దగ్గర కూర్చుని, జేబులోంచి చిన్న స్క్రూడ్రైవర్ తీశాను.

“అంకుల్, ప్లీజ్,” అన్నాడు అనురాగ్. చేయి అడ్డం పెట్టబోయాడు.

“మొగులయ్యా,” అన్నాడు కమాల్ భాయ్. గొంతులో నవ్వు కొంచెం మిగిలే ఉంది. “ఇది తమాషా చేసే జాగ కాదు.”

సీలు కింద మొన పెట్టి లాగాను. పద్దెనిమిదేళ్ల కింద ఎంత నెమ్మదిగా లేపానో, ఇప్పుడు అంత త్వరగా చిరిగింది. అనురాగ్ నోట్లోంచి చిన్న మూలుగు వచ్చింది. మూత తీశాను. డ్రమ్ము ఎత్తి దుప్పటి మీద పెట్టాను. నడిమధ్య నుంచి అంచు దాకా బూడిదరంగు ఎంసీల్ గీత, దాని పక్కనే మళ్లీ పగులు.

కమాల్ భాయ్ దాన్ని ఒళ్లోకి తీసుకున్నాడు. ఏది బాగుచేసినా మేకుతో ఒక మూల 786, తారీఖు గీకడం ఆయన అలవాటు. బోర్లా తిప్పి చూశాడు. ఆయన గీకిందే ఉంది. వేలితో తడిమాడు.

“ఇది నేను అతికిచ్చింది,” అన్నాడు.

“అవును.”

“కొత్తది?”

“అమ్మిన.”

“ఎన్నడు?”

“గానాడే. పార్లర్ మూసిన వారం.”

“ఏం జేసినవ్ ఆ పైసలు?”

నేను కిటికీ వైపు చూశాను. ఆయన కూడా చూశాడు. ఎక్కువసేపు చూశాడు.

“దాని ఎనుక సీటు మీద కూసున్న నేను గిన్నేండ్లు,” అన్నాడు. “అమ్మీకి దమ్ము ఎక్కువైన నాడు దవాఖానకు దాని మీదనే తీస్కపోయినం. నువ్వు నడిపినవ్. నేను ఎనుక పట్టుకున్న.” డ్రమ్మును పక్కన పెట్టి, “మొన్న నిజమే చెప్పినవ్ అన్నట్టు,” అన్నాడు. “నేను మస్తు నవ్విన.”

తిట్టి ఉంటే బాగుండేది.

భాభీ లోపలికి పోయింది. బీరువా చప్పుడు వినిపించింది. పది వేల అడ్వాన్సు తెచ్చింది, అతను ఇచ్చిన రబ్బరుబ్యాండు కూడా తీయలేదు. అనురాగ్ చేతిలో పెట్టింది.

“ఆంటీ, మీరు కావాలని చెయ్యలేదు కదా…”

“తీస్కో బేటా. కూసో. అన్నం తిని పో.”

అతనికి వడ్డించింది. అతను తలవంచుకుని తిన్నాడు. మరియం ఇంకో ప్లేటు తెచ్చి నా ముందు పెట్టబోతే, భాభీ ఆమె భుజం మీద చేయి వేసి ఆపింది.

నేను లేచి వచ్చేశాను. స్కూటర్ స్టార్ట్ చేయలేదు. గల్లీ చివరిదాకా నెట్టుకుంటూ వచ్చాను.

అక్టోబర్ 27

ఏమీ లేదు.

అక్టోబర్ 28

హోటల్ టీవీ రోజంతా సరిగ్గా పనిచేసింది. సేఠ్ సాయంత్రం వచ్చి, “ఏంది మొగులయ్యా, ఒంట్ల బాగలేదా?” అన్నాడు. ఛానల్ మార్చేది నేనేనని వాడికి ఎన్నాళ్ల నుంచో తెలుసట.

అక్టోబర్ 30

స్కూటర్ అమ్మేశాను. పద్నాలుగు వేలు వచ్చాయి. అఫ్జల్‌గంజ్ నుంచి నడుచుకుంటూ లాడ్ బజార్ వెళ్లాను. కమాల్ భాయ్ ఒక పెళ్లివాళ్లకు గాజుల సైజు చూస్తున్నాడు. నన్ను చూశాడు. మళ్లీ గాజులు చూశాడు. ఆ పెళ్లివాళ్లు వెళ్లారు, ఇంకొకరు వచ్చారు, వాళ్లూ వెళ్లారు. నేను మెట్టు మీదే నిలబడ్డాను.

కవరు గల్లా పక్కన పెట్టాను. “ఇది నీ డ్రమ్ము పైసలు. నావి గావు,” అన్నాను.

ఆయన దాన్ని ముట్టుకోలేదు, తీసుకుపొమ్మని కూడా అనలేదు. నడిచి ఇంటికి వచ్చేసరికి గంటా పది నిమిషాలు పట్టింది.

నీలమ్మ వాకిట్లోకి చూసింది. ఖాళీగా ఉన్న చోట ఊడ్చింది.

నవంబర్ 1, శనివారం

పదిన్నరకు భాభీ వచ్చింది. మరియం చేయి పట్టుకుని మెట్లెక్కింది. నీలమ్మ పరుగున కుర్చీ తెచ్చింది. నేను వంటింట్లోకి పోబోయాను.

“ఆగు భాయ్,” అంది. “నీ తానకే వచ్చిన.”

గోడకు ఆనుకుని నిలబడ్డాను.

“పన్నెండు ఇండ్లకు పోయి మాఫ్ అడుక్కున్న. అందరు మాఫ్ చేసిన్రు. పోతలేమని చెప్పెతందుకు మల్ల గా పన్నెండు ఇండ్లకు పోయిన. ఎందుకు పోతలేరు అంటే మోకాలు అని చెప్పిన.” ఊపిరి తీసుకుంది. “మీ ఇల్లు ఒక్కటి మిగిలింది.”

“భాభీ, నేను…”

“నువ్వు ఆగు. అడిగెతందుకు వచ్చింది నేను. ఆరు రోజుల సంది నిన్ను తిడుతున్న. జానమాజ్ మీద నమాజుకు కూసొని గూడ తిట్టిన. నీ చేతులు పడిపోవాలన్న. నీలమ్మ ముందల చెప్తున్న. గవన్ని నెత్తిన పెట్టుకొని నేను ఎక్కడికి పోను? జనవరిల ఇంకో గుంపు పోతదంట, పోతమో లేదో అల్లాకెరుక. గని నేను మొదలువెట్టింది మధ్యల ఇడువ. కహా సునా మాఫ్ కరో, మొగులయ్య భాయ్.”

అవతలివాడు మాఫ్ చేశానని నోటితో అనాలి. అది పద్ధతి. ఎవరేమన్నా ఎదురు మాట జేబులో ఉంచుకునేవాణ్ణి, గోటితో గోడ సున్నం గీకుతున్నాను. నీలమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

“అను భాయ్. అనకుంటే లేవను. మోకాలు నొస్తుంది.”

“మాఫ్ చేసిన,” అన్నాను. ఆ మాట నా గొంతులో ఎంత అసహ్యంగా వినిపించిందో రాయలేను.

ఆమె లేచింది. గడప దగ్గర చెప్పుల కోసం కాలితో వెతుక్కుంటుంటే, నేను వంగి అందించాను.

“మరి నాది, భాభీ?”

చెప్పులేసుకుంది. మరియం చేయి పట్టుకుంది.

“నీది నేను పోయేనాడు చెప్త,” అంది.

నవంబర్ 4, మంగళవారం

కమాల్ భాయ్ దుకాణానికి వచ్చాడు. చంకలో డబ్బా. బల్ల మీద పెట్టాడు. బల్ల ఊగింది. కింద చూసి, ఒక అట్టముక్క మడిచి కాలు కింద పెట్టాడు. చాయ్ వద్దన్నాడు.

“అనురాగ్ ఫోన్ చేసిండు,” అన్నాడు, నా మొహం చూడకుండా. “డబ్బ, పుస్తకం, డిస్కు అసలువే కదా, సీలు లేకున్నా ఎవరన్న కొంటరంట. ఏముందో సాఫ్‌గ రాసి గ్రూపుల పెట్టమన్నడు. మరియం పెడ్తది. నీ దస్తూరి మంచిగుంటది. రాయి.”

“ఏం రాయాలె?”

“ఏముందో అది.”

రాసిచ్చాను. చదివాడు. రెండోసారి చదివాడు. మడిచి జేబులో పెట్టుకుని, స్టూలు మీద ఇంకాసేపు కూర్చున్నాడు. ఎదురుగా హోటల్లో క్రికెట్ నడుస్తోంది. ఇద్దరం చూశాం. ఓవర్ అయ్యాక లేచి వెళ్లాడు.

ఆ కాగితంలో రాసింది ఇక్కడ మళ్లీ రాసుకుంటున్నాను:

జపాను డ్రమ్ము గేము. డబ్బా అసలుది, ఒక మూల కొంచెం నలిగింది. పుస్తకం, డిస్కు ఉన్నాయి, డిస్కు వాడలేదు. సీలు చిరిగింది. అది చిరగకముందు కూడా నిజమైన సీలు కాదు, ఆవిరి మీద లేపి అతికించినది. లోపలి డ్రమ్ము ఈ డబ్బాది కాదు, 2006లో పగిలి అతికించినది, మళ్లీ పగిలింది. కుడివైపు మోగుతుంది, ఎడమవైపు మోగదు. అసలు డ్రమ్మును 2007లో మొగులయ్య అనేవాడు దొంగతనంగా తీసి అమ్ముకున్నాడు. యజమాని కమాలుద్దీన్‌కు మొన్నటిదాకా ఈ సంగతి తెలియదు. ఇది రాస్తున్న మొగులయ్యను నేనే. అఫ్జల్‌గంజ్‌లో చాయ్ హోటల్ ఎదురుగా ఉంటాను.

తెరిచి చూసుకుని తీసుకోండి.